ఎర్రాప్రగడ: అహోబిలేశునికి అంకితమిచ్చిన కవి

ఎర్రాప్రగడ 14వ శతాబ్దపు తెలుగు కవి, కవిత్రయంలో మూడోవాడు. పాకనాటి గుడ్లూరు ఆయన ఊరు. తండ్రి సూరన, తల్లి పోతమాంబ. అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఆస్థానకవి. ప్రబంధపరమేశ్వరుడు, శంభుదాసుడు ఆయన బిరుదులు.

ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది భారతమే. 11వ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన భాగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టాడు. ఆ ఖాళీని పూరించడానికి కూర్చున్న ఎర్రన శరత్తునే అందుకుని ప్రభాతాన్ని వర్ణించాడు. నన్నయ రాత్రి దగ్గర ఆపితే ఈయన తెల్లవారించాడన్నమాట! అంతటితో ఆగక, ఆ భాగాన్ని తన ప్రభువుకు కాకుండా, ఎప్పుడో గతించిన నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే, నన్నయ రాసినట్టుగానే అంకితం చేశాడు. ఇంత పని చేసి పేరు దాచుకున్న కవులు అరుదు.

ఐరోపాలోనూ ఇలాంటి ముచ్చట ఒకటుంది. ఫ్లాండర్స్‌కు చెందిన యాకోబ్ ఫాన్ మార్లాంట్ 13వ శతాబ్దంలో లాటిన్ చదువును డచ్చి పద్యాల్లోకి దించిన కవి. ఆయన మొదలుపెట్టిన ప్రపంచ చరిత్ర కావ్యం పూర్తికాలేదు. తర్వాత లోడెవైక్ ఫాన్ వెల్తెం నాలుగో భాగాన్ని ముగించి, తన కాలం దాకా కథ నడిపిస్తూ ఐదో భాగాన్ని కూడా చేర్చాడు. తనదంటూ కొత్త భాగం చేర్చకుండా నన్నయ పేరు వెనకే నిలిచిన ఎర్రన దారి దీనికి పూర్తిగా వేరు.

అయితే ఆయన తన గొంతుతో మాట్లాడిన కావ్యం మరొకటుంది. అదే నృసింహపురాణం. నేటి నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ దగ్గరి అహోబిల నరసింహుడికి దాన్ని అంకితమిచ్చాడు. హిరణ్యకశిపుడి తపస్సు, ప్రహ్లాదుడి భక్తి, నరసింహావతారం ఇందులోని కథ. కథ కన్నా వర్ణనల మీద కవికి మక్కువ ఎక్కువని చదువుతుంటేనే తెలుస్తుంది. తర్వాతి కాలపు ప్రబంధాలకు బీజం ఇందులోనే పడిందని విమర్శకులు అంటారు. శ్రీనాథుడు కాశీఖండంలో భీమకవి, నన్నయ, తిక్కనల సరసన ఎర్రన మాటల చమత్కారాన్నీ మెచ్చుకున్నాడు.

అహోబిలంతో అనుబంధం కవికే కాదు, రాజుకూ ఉంది. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన ఘనత వేమారెడ్డిదే. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే తిరుమంగై ఆళ్వారు ఈ క్షేత్రాన్ని తమిళంలో కీర్తించాడు. సంక్రాంతి వెళ్లగానే ఇక్కడి స్వామి పార్వేటకు బయలుదేరి ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతాడు.

ఈ సీమకు తెలుగు రాత కొత్తది కాదు. పొరుగునే ఉన్న కడప జిల్లా కలమళ్ల, ఎర్రగుడిపాడుల్లో 6వ శతాబ్దపు రేనాటి చోళుల తెలుగు శాసనాలు దొరికాయి. అవి నన్నయకు దాదాపు ఐదు వందల ఏళ్ల ముందటివి.

ఎర్రన రాసిన హరివంశం నిలిచింది. రామాయణం మాత్రం పోయింది, కొన్ని పద్యాలే మిగిలాయి. నృసింహపురాణం పూర్తిగా దొరుకుతున్నా చదివేవాళ్లు తక్కువ. ప్రహ్లాదుడి కథ అనగానే అందరి నోటా పోతన పద్యాలే వస్తాయి. అది పోతన గొప్పతనమే కానీ, అదే కథను ఆయనకు ముందు ఈ కొండల స్వామి పేర చెప్పిన కవిని భారతంలో ఖాళీ పూరించిన వాడిగానే లెక్కగట్టడం అన్యాయం.