దుప్పటి కింద దాచిన సంచీ

ఆలూరు వాళ్ళకి కర్నూలు కన్నా బళ్ళారే దగ్గర. 1953 దాకా మాది ఆ జిల్లాయే కదా! మామగారి ప్రొస్టేట్ ఆపరేషనూ అక్కడే చేయించాం.

మూడోనాడు ఊర్నించి చుట్టాలు వచ్చారు. మంచం పక్కన వేలాడే మూత్రం సంచీ వాళ్ళ కళ్ళబడితే ఏం బాగుంటుందని, దాన్నెత్తి ఆయన పక్కనే దుప్పటి కింద దాచేశాను. గంటసేపు కబుర్లు. ఆ రాత్రి ఆయనకి పళ్ళు టకటకలాడే చలిజ్వరం!

"సంచి పైన పెట్టిందెవరమ్మా? ఎప్పుడూ కిందనే ఉండాల. లేకుంటే ఆ నీళ్ళు మళ్ళా లోపలికే పోతాయి" అంది నర్సమ్మ. నా గుండె జారిపోయింది.

"మీ వల్లే అని చెప్పలేం. గొట్టం ఉన్నకొద్దీ రోజురోజుకీ ఆ ప్రమాదం ఉంటుంది" అన్నారు డాక్టరుగారు. నన్ను ఓదార్చడానికే అన్నారనుకుని, ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేశాను. నిజమే.

మూత్రం బిగిస్తే గొట్టం వేయడం సుశ్రుతుడి నాటి విద్య. కొసన చిన్న బుడగతో, జారిపోకుండా లోపలే నిలిచే గొట్టాన్ని 1930లలో అమెరికాలో ఫ్రెడరిక్ ఫోలీ ప్రచారంలోకి తెచ్చాడు. రోగికీ సుఖం, నర్సులకీ సుఖం. కాని రెండో కొసని మంచం కింద మూతలేని సీసాలో వదిలేసేవారు. నాలుగు రోజులు తిరిగేసరికి దాదాపు అందరి మూత్రంలోనూ సూక్ష్మజీవులే! అవసరం లేనిదే గొట్టం వేయొద్దని 1958లో పాల్ బీసన్ అనే డాక్టరు గట్టిగా రాశాడు. అన్నివైపులా మూసిన సంచీ పెడితే ఈ బెడద బాగా తగ్గుతుందని 1966లో క్యూనిన్, మెక్‌కార్మాక్ చూపించారు. నేను సిగ్గుపడి దాచింది, అన్నేళ్ళ పాటుతో వచ్చిన సంచీని!

మందులుండగా భయమేమిటంటారా? మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలు నడిపించిన లెడర్లీ ప్రయోగశాల నించే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. అదొచ్చినప్పుడు ఎంత ఆశ! కాని ఆసుపత్రి క్రిములు ఒక్కొక్క మందుకే అలవాటు పడిపోయాయి. పైగా గొట్టం గోడల్ని పట్టుకుని పాచిలా పొర కడతాయి. ఆ పాచిలోకి మందు సరిగా దిగదు. గొట్టం తీసేయడమే సగం వైద్యం.

మూత్రం పరీక్షకి పంపి, ఫలితం వచ్చాక మామగారికి మందు మార్చారు. జ్వరం దిగడానికి మరో మూడు రోజులు పట్టింది. రోజూ పొద్దున్నే "ఇవాళ తీసేయొచ్చా?" అని డాక్టరుగారిని అడగడం నా పనైంది.

ఈలోగా మా పెద్దత్తగారు మజ్జిగ పట్టుకుని వచ్చింది. సంచీ అందరికీ కనబడేలా కిందే వేలాడుతోంది. ఆవిడ ఒకసారి చూసి, ముఖం తిప్పుకుని, ఆలూరులో వానల సంగతి ఎత్తుకుంది.