డప్పు పలకాలంటే

డప్పు వానకి పలకదు. ఈ సంగతి నేను ఫిజిక్సు పుస్తకంలో చదవలేదు, వీపుతో నేర్చుకున్నాను.

మాది కోనసీమలో కాలవగట్టు కింద మాదిగపేట. మా తాత డప్పు కట్టేవాడు, కొట్టేవాడు. దూడతోలో మేకతోలో సున్నం నీళ్ళల్లో నానబెట్టి, వెంట్రుకలు ఊడాక రంపెతో గీకేవాడు. "సగం పలుకు గీకుడులోనే ఉందిరా" అనేవాడు. తోలు మందమైతే బరువు, బరువైతే బొంగురు. మరీ పల్చనైతే కణేల్మంటది గానీ నాలుగు కాపులకే పిగులుద్ది. ఒకపక్క మందం, ఒకపక్క పల్చన ఉంటే డప్పు రెండు గొంతులతో మాట్లాడుద్ది. చట్రానికి నేరేడు కర్రో చింత కర్రో వంపుగా చెక్కి, ముక్కలన్నీ గుండ్రంగా అతికేవాడు. చింతగింజల పిండి అంబలి కాసి అంచుకి పూసి, తడితోలు పరిచి, వెనకాల వార్లతో ఇనప కడియానికి లాగి కట్టి నీడన ఆరబెట్టేవాడు. కుడిచేతి చిర్ర దెబ్బ లావు, ఎడంచేతి సిటికెన పుల్ల దెబ్బ సన్నం. నడిమధ్య కొడితే ఒక పలుకు, అంచున కొడితే ఇంకోటి.

ఇవన్నీ కుదిరినా మా డెల్టాలో డప్పుకి చెమ్మ శత్రువు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలవలొచ్చాయి, వరి పండింది. ఆ నీళ్ళు పేటకి పొలంగా రాలేదు, చెమ్మగా మాత్రం వచ్చాయి. (ఎగతాళికే అంటున్నాను. సముద్రపు గాలీ ముసురూ అంతకు ముందూ ఉన్నాయి.) చెమ్మ పీల్చిన తోలు సాగుద్ది, బిగువు తగ్గి పలుకు దిగుద్ది. మంట చూపిస్తే మళ్ళీ బిగుసుద్ది. అందుకే డప్పు ఉన్నచోట వరిగడ్డి మంట, ఆ మంట దగ్గర ఓ పిల్లోడు. ఆ పిల్లోణ్ణి నేను.

నాకు పదేళ్ళప్పుడు శ్రావణమాసంలో ఓ కామందు చనిపోయాడు. శవం లేచేదాకా వాయించాలి. దానికి కూలి లేదు, వెట్టి. ఏడాదికోసారి కళ్ళంలో పోసే గింజల్లోనే అదీ జమ. ఆ రోజు ముసురు. డప్పు దబదబమంటోంది.

"ఏరా ముసలోడా, మా నాన్న పోతే నీకు చెయ్యాడట్లేదా?" అన్నాడు పెద్దకొడుకు.

"ఆయ్, తోలు తడిసింది బాబూ."

మేం తెచ్చుకున్న గడ్డీ తడిసింది. నేను వెళ్ళి వాళ్ళ గడ్డిమేటు అడుగునుంచి గుప్పెడు పొడిగడ్డి లాగాను. ఆ మేటు వేసింది మా అమ్మా నాన్నే. చర్నాకోలతో వీపు మీద రెండు పడ్డాయి. తాత వాయించడం ఆపలేదు. ఆపితే ఏమవుద్దో ఆయనకి తెలుసు. నాకు తెలీలేదు, చాలా ఏళ్ళు ఆయన్ని క్షమించలేకపోయాను.

తర్వాత రాజమండ్రిలో బీయస్సీ చదువుతుంటే సి.వి. రామన్ ఎదురయ్యాడు. మృదంగం, తబలా మీద ఆయన రాసింది 1920లో నేచర్ పత్రికలో వచ్చింది. తోలు మధ్యన ఉండే నల్లటి పూత బరువు వల్ల పై స్వరాలు శ్రుతిలో కలుస్తాయంటాడు. గొప్ప పనే. డప్పుకి ఆ పూత లేదు, దాని పై స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. రాగానికి ఒదగదు. ఆ మృదంగం తోలు ఎవరు గీకారో పాఠంలో లేదు. టి.ఎం. కృష్ణ 2020లో మృదంగాలు చేసే దళిత క్రైస్తవ కుటుంబాల మీద పుస్తకం తెస్తే, ఆవిష్కరణకి ముందు ఒప్పుకున్న చెన్నై కళాక్షేత్ర తర్వాత హాలు ఇవ్వనంది.

1986 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఊళ్ళో గట్టెక్కమని చాటింపు వేసింది తాతే. నానిన డప్పు పలక్కపోతే నోటితోనే అరుచుకుంటూ తిరిగాడు. ఊరంతా తిరిగి వచ్చేసరికి పేటలో మొలలోతు నీళ్ళు. డప్పు తోలు చివికిపోయింది, చట్రం మిగిలింది. తాత ఆ ఏడే పోయాడు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా ఉద్యమం పుట్టింది. మా నాన్న తాత చట్రానికి కొత్తతోలు కట్టాడు. ఇక చావులకి రానని ఊళ్ళో చెప్పేశాడు. గింజలు ఆగిపోయాయి, ఆ ఏడంతా అప్పు చేసి తిన్నాం. సభకి లారీ ఎక్కేముందు పేట నడిమధ్య గడ్డి వేసి కాశాడు. అదే చట్రం, అవే పుల్లలు. అలాంటి పలుకు నేను ముందెప్పుడూ వినలేదు. కొత్తతోలు గనక అని నాలోని బీయస్సీ వాడు అంటాడు. నేను ఒప్పుకోను.

ఇప్పుడు కుర్రాళ్ళవి ఫైబర్ డప్పులు. నట్లు బిగిస్తే చాలు, వానొచ్చినా పలుకుతాయి. తోలు పోయిందని బాధపడే మిత్రులున్నారు. చచ్చిన గొడ్డుని మోసినవాళ్ళెవరూ ఆ బాధ పడగా నేను చూడలేదు. అయినా నా చెవి తోలునే వెతుక్కుంటుంది.

2024 ఆగస్టు 1న, వర్గీకరణ చేసే అధికారం రాష్ట్రాలకి ఉందని సుప్రీంకోర్టు చెప్పిన సాయంత్రం, పేటలో కుర్రాళ్ళు మొదలెట్టేశారు. నేను తాత డప్పు దింపాను. మెత్తగా ఉంది. మిషను కోతలొచ్చాక పేటలో గడ్డిమేటే లేదు. పాత పేపర్లు కాల్చాం. రెండో కాపుకి పలికింది.