సిపాయిల సూది

విడాల్ పరీక్షలు చేసి ఇల్లు గడుపుకున్నవాణ్ణి నేను. గుంటూరు జిల్లాలో చిన్న ల్యాబు మాది. వానలు మొదలయ్యాయంటే బల్ల ముందు నుంచి లేచే పని ఉండేది కాదు. తెల్ల పలక మీద రోగి సీరం చుక్కలు, ఒకదానిలో నీలం రంగు ‘ఓ’ యాంటిజెన్, ఇంకోదానిలో ఎర్ర రంగు ‘హెచ్’ యాంటిజెన్. పుల్లతో కలిపి పలకను అటూ ఇటూ వంచుతుంటే కొన్నింటిలో రవ్వలు కట్టేవి. 1:80 అనో 1:160 అనో చీటీ రాసిచ్చేవాళ్ళం. చీటీ చూసి ఇంటిల్లిపాదీ ‘టైఫాయిడే’ అని తేల్చేసేవారు. ఒక్క విడాల్‌తో టైఫాయిడ్ అని చెప్పకూడదు, రక్తం కల్చర్‌కు పెట్టాలి అని మాకు చదువులో చెప్పారు. కల్చర్‌కు రోజులు పడతాయి, డబ్బూ ఎక్కువే. అడిగేవాళ్ళు తక్కువ.

ఆ రవ్వల పరీక్షను ఫెర్నాండ్ విడాల్ పారిస్‌లో ప్రకటించింది 1896లో. టైఫాయిడ్ టీకాకూ అదే పుట్టిన ఏడు. ఇంగ్లండ్‌లో నెట్లీ సైనిక వైద్య పాఠశాలలో ఆల్మ్రోత్ రైట్ టైఫాయిడ్ క్రిములను వేడి చేసి చంపి మనుషులకు ఎక్కించాడు. భారతదేశంలో కలరా టీకాలు వేసిన హాఫ్‌కిన్ పని ఆయనకు దారి చూపింది. జర్మనీలో ఫైఫర్, కోలె కూడా అదే ఏడాది అదే పని చేశారు. ఎవరు ముందన్న తగువు నేటికీ ఉంది. సూది పనిచేసిందో లేదో రైట్ ఎలా తెలుసుకున్నాడు? టీకా పడినవాళ్ళ సీరం తీసి, క్రిములు రవ్వలు కడుతున్నాయా అని చూశాడు. అంటే ఈ టీకా తరఫున మొదటి సాక్ష్యం చెప్పింది మా పరీక్షే.

రైట్ 1898లో ప్లేగు కమిషన్‌తో మన దేశం వచ్చి, ఇక్కడి బ్రిటిష్ సిపాయిలకు సుమారు 4 వేల మందికి టీకా వేశాడు. కొత్తగా ఓడ దిగిన కుర్ర సిపాయిలు కంటోన్మెంట్లలో ఈ జ్వరానికి రాలిపోతుండేవారు. ఇక్కడివాళ్ళకు ఇది అంతగా రాదని చాలామంది సైనిక వైద్యుల నమ్మకం. పల్లెల్లో పిల్లల జ్వరాలను ల్యాబులో పరీక్షించి చూసిందెవరు?

మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం. వెళ్ళిన సైన్యం మూడు లక్షలు దాటింది. టీకా వేయించుకున్నవాళ్ళు 14 వేలు, అదీ ఇష్టమైతేనే. వేయించుకున్నవాడికి చెయ్యి వాచి జ్వరం వచ్చేది, అది చూసి పక్కవాడు జడిసేవాడు. 1900 ఫిబ్రవరిలో పార్డెబర్గ్ దగ్గర సిపాయిలు మోడర్ నది నీళ్ళు తాగారు. ఎగువన గుర్రాల కళేబరాలు, మనుషుల శవాలు నీళ్ళలో తేలుతున్నాయి. అక్కడి నుంచి బ్లూమ్‌ఫాంటైన్ చేరేసరికి ఆ పట్టణమే పెద్ద జ్వరాల ఆసుపత్రి అయింది. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయల్ అక్కడ డాక్టరుగా పనిచేశాడు. టీకాను తప్పనిసరి చేయకపోవడం పెద్ద పొరపాటని ఆయన గట్టిగా వాదించాడు. యుద్ధం ముగిసేనాటికి సుమారు 58 వేల మందికి టైఫాయిడ్ వచ్చింది, 8 వేలకు పైగా పోయారు.

అదే యుద్ధంలోని లేడీస్మిత్ ముట్టడి నుంచి రైట్ ఒక లెక్క తెచ్చాడు. టీకా లేని 10,529 మందిలో 1,489 మందికి జ్వరం. టీకా పడిన 1,705 మందిలో 35 మందికే. ఇంతకన్నా ఏం కావాలి అన్నాడు. 1904లో గణితవేత్త కార్ల్ పియర్సన్ ఇలాంటి లెక్కలన్నీ కలిపి చూసి, ఇది చాలదన్నాడు. కోరి టీకా వేయించుకునేవాడు మామూలుగానే జాగ్రత్తపరుడు, నీళ్ళూ కాచి తాగుతాడు. కనుక వచ్చినవాళ్ళలో ఒకరికి వేసి ఒకరిని వదిలి చూడండి అన్నాడు. రైట్ మండిపడ్డాడు. నాకు మాత్రం పియర్సన్ మాటే న్యాయంగా తోస్తుంది. మంచి టీకాకు కూడా అరకొర సాక్ష్యం చేటే చేస్తుంది. ఆయన అడిగిన తరహా పరీక్ష, పద్ధతిగా, పౌరుల మధ్య జరిగింది 1954లో, యుగోస్లావియాలో. యాభై ఏళ్ళ ఆలస్యం.

సైన్యం మాత్రం అంతదాకా ఆగలేదు. బ్రిటిష్ సైనిక వైద్యుడు లీష్మన్ టీకాను సరిదిద్దాడు. అమెరికా సైన్యం 1911లో తప్పనిసరి చేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎన్నో రెట్లు పెద్దదైన బ్రిటిష్ సైన్యంలో టైఫాయిడ్ చావులు వెయ్యి పైచిలుకు దగ్గరే ఆగాయి. తర్వాత పారాటైఫాయిడ్ ఎ, బి కూడా చేర్చి టి.ఎ.బి. అన్నారు. మా చిన్నప్పుడు బడిలో వరుసగా నిలబెట్టి పొడిచిన సూది అదే. రెండు రోజులు చెయ్యెత్తలేకపోయేవాళ్ళం. మూడోనాడు దానిపేరుతో ఇంకో సెలవు కొట్టేవాళ్ళం.

అప్పటికి ఇళ్ళలో టైఫాయిడ్ అంటే లంఖణాలే. ఇరవై ఒక్క రోజుల జ్వరమని, బార్లీ నీళ్ళు తప్ప ఏదీ పెట్టేవారు కాదు. మూడో వారంలో పేగుకు చిల్లు పడుతుందన్న భయం ఉత్తది కాదు గానీ, ఆ పస్తులతో మనిషి కట్టెపుల్ల అయ్యేవాడు. పథ్యం పెట్టిన రోజు ఇంట్లో పండగే. 1948లో క్లోరాంఫెనికాల్ అనే మందు ఈ మొత్తం తంతును మార్చేసింది. వారాల జ్వరం మూడు నాలుగు రోజుల్లో దిగడం మొదలైంది. గోలీ ఉండగా సూది ఎందుకన్నారు. మన దేశం 1978లో పిల్లల టీకాల కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు టైఫాయిడ్ టీకా అందులో ఉంది, కొన్నేళ్ళకే తీసేశారు. చిత్రమేమంటే, 1972లోనే కేరళలోని కోళిక్కోడ్‌లో క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ విరుచుకుపడింది. ఆ హెచ్చరికను ఎవరూ చెవిన పెట్టలేదనే నా అభియోగం.

క్రిమి ఒంటి మీద విఐ అనే చక్కెర పొర ఉంటుంది; దాని ఉనికి 1934లోనే తెలుసు. దాన్ని చెడగొట్టకుండా వేరుచేసి, 1980లలో అమెరికాలో జాన్ రాబిన్స్ బృందం కొత్త టీకా చేసింది. కాట్మండూ లోయలో పరీక్షిస్తే దాదాపు 70 శాతం రక్షణ దొరికింది, చెయ్యి వాపు లేదు. అయితే రెండేళ్ళలోపు పసివాళ్ళ ఒళ్ళు ఉత్త చక్కెరను పట్టించుకోదు. అందుకని దాన్ని ప్రొటీన్‌కు అతికించాలి. ముఖం తెలియనివాడు తెలిసిన చుట్టంతో కలిసి వస్తే వాకిట్లోనే గుర్తుపట్టినట్టన్నమాట. ధనుర్వాతం టాక్సాయిడ్‌కు అతికించిన అటువంటి టీకాను హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తెచ్చింది; 2013లో మన దేశంలో అనుమతి వచ్చింది. ఆరు నెలల బిడ్డకూ వేయవచ్చు, ఒక్క డోసే. ఆక్స్‌ఫర్డ్‌లో వందమందికి పైగా వాలంటీర్లు టీకాలు వేయించుకుని, ఆపైన బతికున్న టైఫాయిడ్ క్రిములను తాగి మరీ పరీక్షకు నిలిచారు. నేపాల్, మలావీ పిల్లల్లో రక్షణ 80 శాతం దాటింది. 2020లో హైదరాబాద్‌దే అయిన బయోలాజికల్ ఇ టీకాకూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరికింది.

2016లో ఇంకో హైదరాబాద్‌లో, పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్‌లో, ఐదు రకాల మందులకు లొంగని టైఫాయిడ్ పుట్టింది. మాత్రల్లో మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే. ఆ ఊరి పిల్లలకు వేసింది మన హైదరాబాద్‌లో తయారైన టీకాయే. 2019లో పాకిస్తాన్ దాన్ని సాధారణ టీకాల పట్టికలో చేర్చింది. ప్రపంచంలో ఆ పని మొదట చేసిన దేశం అదే.

మన దేశంలోనూ అలాగే చేర్చమని నిపుణుల సలహా సంఘం 2022లో సిఫారసు చేసింది. మా ఊళ్ళో మాత్రం ఈ టీకా కావాలంటే ఇంకా ప్రైవేటు క్లినిక్‌లో డబ్బు పెట్టి వేయించుకోవలసిందే. సిపాయికి 1898లో ఉచితంగా దొరికిన సూది కూలివాడి బిడ్డకు ఎప్పుడని ఏఎన్ఎమ్‌ను అడిగి లాభం లేదు. ఓటు అడగడానికి గుమ్మంలోకి వచ్చినవాణ్ణి అడగండి.