గొంగడి, బొంత, కుంపటి

చలికాలం వచ్చిందంటే ఇప్పుడు చాలా ఇళ్ళలో రూమ్ హీటర్ బయటికి తీస్తున్నారు. ముందు గది వేడెక్కాలి, ఆ తర్వాత అందులో మనం వెచ్చగా కూర్చోవాలి. మన పెద్దవాళ్ళ పద్ధతి వేరు. గదిని దాని మానాన వదిలేసి మనిషికి చలి తగలకుండా చూసుకునేవారు. పూరిల్లయినా పెంకుటిల్లయినా అన్నీ సందులే కదా, లోపల ఎంత మంట పెట్టినా వేడి నిలిచేది కాదు.

"మన వైపు అంత చలెక్కడుంది?" అంటారేమో. ఆదిలాబాద్ వాళ్ళని, లంబసింగి వాళ్ళని అడగండి. అక్కడ 5 డిగ్రీల కిందికి దిగిన రాత్రులు ఉన్నాయి.

ఆ చలికి తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో అండ గొంగడి. కొన్ని చోట్ల గొంగళి అంటారు. దక్కనీ జాతి నల్ల గొర్రెల ఉన్నితో నేసేవారు. రంగు వేయరు, గొర్రె రంగే గొంగడి రంగు. కురుమ ఇళ్ళలో ఉన్ని శుభ్రం చేసి నూలు వడికే పని ఎక్కువగా ఆడవాళ్ళది, గుంట మగ్గం మీద నేత మగవాళ్ళది. నూలు గట్టిపడడానికి చింతగింజల గంజి పట్టించేవారు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమని పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. అందుకే మందల వెంట తిరిగే వాళ్ళకి గొంగడే పక్క, అదే దుప్పటి, వానొస్తే అదే గొడుగు.

తర్వాత మాంసానికి గిరాకీ పెరిగింది. ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లోకి వచ్చాయి. చవక మిల్లు దుప్పట్లూ వచ్చాయి. నూలు వడికిన ఆడవాళ్ళ చేతుల్లోంచి ఆ పని జారిపోయింది.

గొంగడి కొనుక్కోవాలి, బొంతకి ఆ ఖర్చూ లేదు. చిరిగిన నూలు చీరలు, పాత పంచెలు నాలుగైదు పొరలుగా పరిచి దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే బొంత అయిపోతుంది. ఆ పొరల మధ్య చిక్కుకున్న గాలే ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. వాడి వాడి మెత్తబడిన బట్ట కాబట్టి పసిపిల్లలకి ఒరుసుకోదు కూడా. పొలం పనులు, వంట పనులు అయ్యాక, మధ్యాహ్నం దొరికిన కాస్త తీరికలో కుట్టిన కుట్లవి.

ఇక కుంపటి. బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ. కాశ్మీరులో దీన్నే చిన్నదిగా చేసి, మట్టి కుండ చుట్టూ బుట్ట అల్లి, ఫెరన్ లోపల పెట్టుకుని తిరుగుతారు. దాని పేరు కాంగ్డీ. ఏళ్ళ తరబడి ఆ వేడి తగిలిన చోట చర్మ క్యాన్సర్ వస్తోందని అక్కడ పనిచేసిన ఎల్మ్‌స్లీ అనే డాక్టరు 1866లోనే రాశారు. కాబట్టి పాతదల్లా మంచిదని నేను అనను. పాత ఇళ్ళ సందుల్లోంచి బొగ్గు గాలి కాస్తయినా బయటికి పోయేది. కిటికీలు బిగించిన నేటి ఫ్లాట్లలో కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ గదిలోనే నిండుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బాలింత గదిలో, పసిబిడ్డ దగ్గర అసలే వద్దు.

కుంపటిని వదిలేద్దాం కానీ బొంతని ఎందుకు వదలాలి? పరుపు మీద ఒకటి పరిచి, ఒక మందపాటి దుప్పటి బదులు రెండు పల్చటివి కప్పుకుని, కాళ్ళకి మేజోళ్ళు వేసుకుంటే మన చలికి చాలావరకు హీటర్ అక్కర్లేదు.

రాజుల శాలువల గురించి చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది, బొంతలు కుట్టినవాళ్ళ గురించి ఎక్కడుంటుంది? మీ అటక మీద పాత బొంత ఉంటే ఈసారి కిందికి దించి ఎండలో వేయండి. అది ఎవరు కుట్టారో, అందులో ఎవరెవరి చీరలున్నాయో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టండి. చెప్పేవాళ్ళు ఉండగానే అడగండి.