రొయ్యల చెరువులో తెల్లమచ్చ వ్యాధి – ఒక పోరాట చరిత్ర

విజయవాడ వద్ద కృష్ణానదిపై 1855లో ఆనకట్ట పూర్తయిన నాటి నుండి డెల్టా జీవనమంతా కాలువల మీదనే ఆధారపడి ఉన్నది. ఆ ఆనకట్ట స్థానాన్ని 1957లో ప్రకాశం బ్యారేజి ఆక్రమించింది. బ్యారేజి నుండి బయలుదేరిన నీరు పొలం నుండి పొలానికి పారి, చివరకు మురుగు కాలువలలో కలిసి సముద్రాన్ని చేరుతుంది. ఒకరు వదిలిన నీటినే మరొకరు వాడుకోవడం ఇక్కడి పరిపాటి. వరి పైరుకు ఇందువల్ల హాని లేదు. కాని 1990 తరువాతి దశాబ్దంలో ఇదే అలవాటు తీరప్రాంతపు రొయ్యల రైతులకు గొప్ప ఆపద తెచ్చిపెట్టింది. ఆ ఆపద ఎట్టిదో, దానిని అదుపు చేయడానికి శాస్త్రజ్ఞులూ రైతులూ ఏయే మార్గాలు తొక్కారో తెలుసుకుందాము.

చవుడు నేలలో కొత్త పంట

డెల్టా చివరనున్న బందరు, బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక, కోడూరు ప్రాంతాలలో ఉప్పు సోకిన నేలలు చాలా కలవు. అక్కడ వరి అంతంతమాత్రమే. సముద్రపు ఆటుపోట్లకు ఉప్పునీరు లోపలికి వచ్చే కోడులు, ఏరులు మాత్రం సమృద్ధిగా ఉన్నవి. ఇట్టి నీటిలో టైగర్ రొయ్య చక్కగా పెరుగుతుంది. దీని శాస్త్రీయ నామం పీనియస్ మోనోడాన్. విదేశాలలో దీనికి మంచి ధర పలుకుతుండేది. 1972లో ఏర్పడిన సముద్రోత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఈ సాగును ప్రోత్సహించింది. విశాఖపట్నంలో రొయ్యపిల్లల ఉత్పత్తి కేంద్రం వెలిసింది. 1990 తరువాత నెల్లూరు మొదలు గోదావరి జిల్లాల వరకు తీరం వెంబడి చెరువులు వేగంగా తవ్వబడినవి.

గట్టు పక్కనే గట్టు, చెరువు పక్కనే చెరువు. అందరూ ఒకే కోడు నుండి నీరు తోడుకొని, వాడిన నీటిని తిరిగి అదే కోడులోకి వదిలేవారు. చెరువుకు చెరువుకు మధ్య గట్టు ఉన్నదే గాని, నీటికి మాత్రం ఎల్ల లేదు.

తెల్లమచ్చల రాక

1992లో తైవాను ప్రాంతపు రొయ్యల చెరువులలో ఒక కొత్త వ్యాధి కనిపించింది. మరుసటి సంవత్సరం జపానులో ప్రబలింది. 1994–95 నాటికి అది భారతదేశపు తూర్పు తీరాన్ని తాకింది. వ్యాధి సోకిన రొయ్యలు మేత మాని, నీరసించి, చెరువు అంచులకు చేరుతాయి. తల మీది పెంకుపై ఆవగింజ కంటే చిన్నవి మొదలు దాదాపు అంతటివి వరకు తెల్లని మచ్చలు ఏర్పడుతాయి. కొన్నింటి దేహం ఎర్రబారుతుంది. మచ్చలు కనబడిన మూడు మొదలు పది దినాలలో చెరువు మొత్తం ఖాళీ కావచ్చును. అప్పు తెచ్చి సీడు, మేత కొన్న రైతుకు ఇక మిగిలేది అప్పు మాత్రమే.

దీనికి కారణం ఒక వైరస్ అని పరిశోధనలో తేలింది. దానికి వైట్ స్పాట్ సిండ్రోమ్ వైరస్ అని పేరు. దాని జన్యుపదార్థం రెండు పోగుల డి.ఎన్.ఏ.; పొడవు దాదాపు మూడు లక్షల జంట క్షారాలు. ఆ జన్యు లిపిని శాస్త్రజ్ఞులు 2001లో పూర్తిగా చదివి ప్రకటించారు. ఈ వైరస్ రొయ్యకే పరిమితం కాదు. పీతలు, ఇతర జాతుల రొయ్యలు కూడ దీనిని మోసుకొని తిరుగుతాయి. వాటిలో కొన్నింటికి పైకి ఏ లక్షణమూ కనబడదు. ఒక చెరువు నుండి మరొక చెరువుకు పాకిపోయే పీత, చచ్చిన రొయ్యను ముక్కున కరచుకొని పోయే పక్షి, అన్నింటికన్న ముఖ్యంగా రోగపు చెరువు నుండి వదిలిన నీరు దీనికి వాహనాలు.

మందు ఎందుకు లేదు?

పశువులకు వలె రొయ్యలకు కూడ టీకా వేయరాదా అనే సందేహం సహజం. ఒకమారు సోకిన రోగాన్ని గుర్తుంచుకొని, మరుమారు దానిని ఎదిరించే ప్రతిరక్షకాలు వెన్నెముక గల జంతువులలో పుడతాయి. టీకా ఆ శక్తిని ఆధారం చేసుకొనే పనిచేస్తుంది. రొయ్య వెన్నెముక లేని జీవి. దానికి స్వాభావికమైన రక్షణ కొంత ఉన్నా, అట్టి ప్రతిరక్షకాలు పుట్టవు. ఇక యాంటీబయాటిక్ మందులు బాక్టీరియాలను చంపగలవే గాని వైరస్‌ను ఏమీ చేయలేవు. ఈ సంగతి తెలియక, లేదా ఆశ చావక, పలువురు వాటిని చెరువులలో గుమ్మరించారు. రోగం తగ్గలేదు సరికదా, మందుల అవశేషాలు మిగిలిన సరుకును విదేశాలు తిప్పి పంపే పరిస్థితి వచ్చింది. ఆ తరువాత ఇట్టి మందులు అనేకం నిషేధింపబడినవి. ఇక మిగిలిన మార్గం ఒక్కటే: వైరస్‌ను చెరువులోకి రానీయకుండుట.

సీడును పరీక్షించుట

ఆ కాలంలో తల్లి రొయ్యలను సముద్రం నుండి పట్టి తెచ్చేవారు. వాటిలో వైరస్ ఉన్నచో పిల్లలకు సంక్రమించవచ్చును. అందువల్ల సీడును ముందుగా పరీక్షించవలసి వచ్చింది. దీనికి పి.సి.ఆర్. అనే పద్ధతి తోడ్పడింది. కారీ ముల్లిస్ 1983లో ఊహించిన ఈ పద్ధతికి 1993లో నోబెల్ బహుమతి లభించింది. ఇందులో వెదకుతున్న డి.ఎన్.ఏ. ముక్క ప్రతి ఆవృత్తిలోనూ రెట్టింపవుతుంది. 30 ఆవృత్తులు ముగిసేసరికి ఒక్క ముక్క లెక్క ప్రకారం 107 కోట్లు అవుతుంది. మద్రాసులో 1987లో స్థాపింపబడిన కేంద్రీయ ఉప్పునీటి జలజీవ సాగు పరిశోధనా సంస్థ ఇట్టి పరీక్షా సామగ్రిని మన దేశంలోనే రూపొందించింది.

అయితే ఈ పరీక్షకు ఒక పరిమితి ఉన్నది. లక్షల పిల్లలను పరీక్షించలేము గనుక కొన్నింటినే ఎన్నుకొంటారు. నూటికి రెండింటికి వైరస్ సోకి ఉన్నదనుకుందాము. 150 పిల్లలను తీసినచో, వాటిలో ఒక్కటైనా రోగపు పిల్ల పడే అవకాశం నూటికి 95 పాళ్లు. సోకినవి అంతకంటే తక్కువైతే తప్పిపోయే ప్రమాదం పెరుగుతుంది. కనుక పరీక్ష ఒక కాపలాదారు మాత్రమే, కోట కాదు.

మొగల్తూరు ప్రయోగం

ఎగుమతుల సంస్థయు, ఆసియా దేశాల జలజీవ సాగు కేంద్రాల కూటమియు కలిసి 2000లో ఒక పథకం ప్రారంభించినవి. ఆంధ్ర తీరంలో 365 చెరువులను పరిశీలించి, రోగం ఏయే పరిస్థితులలో వస్తున్నదో లెక్కగట్టారు. ఆ ఫలితాలను ఆచరణలో పెట్టడానికి కృష్ణా డెల్టాను ఆనుకొని ఉన్న పశ్చిమ గోదావరి జిల్లాలోని మొగల్తూరును ఎన్నుకొన్నారు. 2002లో చేరినవారు ఐదుగురే రైతులు.

వారు చేసినది గొప్ప యంత్రాలతో పని కాదు. పంట తరువాత చెరువును ఎండగట్టి, అడుగున పేరుకొన్న నల్లటి బురదను తీసి, దున్ని సున్నం చల్లారు. నీటిని సన్నని వలల గుండా వడగట్టి తోడారు. అందరూ కలిసి హేచరీతో మాట్లాడి, పరీక్షించిన సీడును ఒకే కాలంలో వదిలారు. రోగం కనబడినచో దాచక పొరుగువారికి తెలిపి, ఆ నీటిని శుద్ధి చేయనిదే కోడులోకి వదలరాదని కట్టడి చేసుకొన్నారు. ఈ చివరి నియమమే అన్నింటికన్న కష్టమైనది. రోగం బయటపెడితే ధర పడిపోవునేమో, అప్పు పుట్టదేమో అనే భయం ఏ రైతుకు ఉండదు? అయినను 2003లో 58 మంది, 2004లో 130 మంది చేరారు. ఈ అనుభవం పునాదిగా 2007లో కాకినాడ కేంద్రంగా జాతీయ సుస్థిర జలజీవ సాగు కేంద్రం ఏర్పడింది. వాడిన నీటి విషయమై చట్టం కూడ వచ్చింది: 2005 నాటి తీరప్రాంత జలజీవ సాగు ప్రాధికార చట్టం.

వెనామీ – కొత్త రొయ్య, పాత నీతి

2009లో అమెరికా ఖండపు పసిఫిక్ తీరానికి చెందిన వెనామీ రొయ్యను సాగు చేయడానికి ప్రభుత్వం అనుమతించింది. దీని తల్లి రొయ్యలు తరతరాలుగా కొలనులలోనే పెంపబడి, నిర్ణీత రోగాలు లేనివిగా ధ్రువీకరింపబడతాయి. విదేశాల నుండి వచ్చినవాటిని మద్రాసు సమీపాన ప్రత్యేక కేంద్రంలో ఉంచి పరీక్షించిన పిదపనే హేచరీలకు ఇస్తారు. కొద్ది సంవత్సరాలలోనే ఇది టైగర్ రొయ్యను చాలవరకు తొలగించింది. కాని రోగం లేని సీడు వేరు, రోగాన్ని తట్టుకొనే సీడు వేరు. శుభ్రంగా పుట్టిన వెనామీ కూడ వైరస్ ఉన్న నీటిలో పడినచో తెల్లమచ్చకు లొంగిపోతుంది. శీతకాలంలో ఈ వ్యాధి నేటికీ అక్కడక్కడ తలయెత్తుతూనే ఉన్నది.

మందు లేని రోగాన్ని అదుపు చేసిన ఈ చరిత్రలో ప్రయోగశాలకు ఎంత పాత్ర ఉన్నదో, కోడు గట్టున కూర్చొని రైతులు చేసుకొన్న ఒప్పందానికీ అంత పాత్ర ఉన్నది. వైరస్ ఎవరి చెరువు ఏదో ఎరుగదు. ఒకే నీటిని పంచుకొనేవారు దానిని కాపాడే బాధ్యతను కూడ పంచుకొనక తప్పదు.