అలల సాక్ష్యం: అండమాన్ సముద్రం, అణు రియాక్టర్ల భద్రత

అండమాన్ నికోబార్ దీవులలో అణు విద్యుత్కేంద్రం ఏదీ లేదు. అయినప్పటికీ రియాక్టర్లలో సంభవించే తీవ్ర ప్రమాదాలపై ప్రపంచదేశాలు సాగించిన పరిశోధన చరిత్రలో ఈ దీవుల ప్రస్తావన రాక తప్పదు.

1881 డిసెంబరు 31న కార్ నికోబార్ సమీపాన భూమి కంపించింది. నాడు పుట్టిన సునామీ ఎత్తు మీటరుకు లోపే. పోర్ట్‌బ్లెయిర్‌తో పాటు బంగాళాఖాతం చుట్టూ ఉన్న పలు రేవులలో సముద్రమట్టాన్ని కొలిచే యంత్రాలు ఆ అలలను కాగితంపై నమోదు చేశాయి. 1941 జూన్ 26న అండమాన్‌లో మరొక పెద్ద భూకంపం సంభవించింది. ఈ సాక్ష్యాలు ఉన్నప్పటికీ, తూర్పు తీరాన కట్టడాల రూపకల్పనలో తుపాను ఉప్పెనకు లభించిన ప్రాధాన్యం సునామీకి లభించలేదు.

రియాక్టరును ఆపివేసినంత మాత్రాన అందులోని వేడి ఆగదు. ఇంధనంలోని రేడియోధార్మిక పదార్థాలు ఉష్ణాన్ని వెలువరిస్తూనే ఉంటాయి. నీరు అందకపోతే ఇంధనం కరుగుతుంది. దాని జిర్కోనియం తొడుగు ఆవిరితో కలిసి హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది. 1979లో అమెరికాలోని త్రీమైల్ ఐలండ్ ప్రమాదం ఈ విషయాన్ని లోకానికి చాటింది. అనంతరం ఫ్రాన్సులోని కదరాష్‌లో 1993 నుండి 2004 వరకు జరిగిన ఫెబుస్ ప్రయోగాలలో పలు దేశాలవారు పాలుపంచుకొని, ఇంధనం కరిగినప్పుడు ఏమి జరుగుతుందో పరిశీలించారు.

2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద మొదలైన భూకంపం అండమాన్ దాకా సుమారు 1,300 కిలోమీటర్ల మేర భూమిని చీల్చింది. గ్రేట్ నికోబార్‌లోని ఇందిరా పాయింట్ 4 మీటర్లకు పైగా కుంగిపోయింది. దీవులలో మరణించినవారు, ఆచూకీ తెలియనివారు కలిసి 3,000కు పైమాటే. అవే అలలు కొన్ని గంటలలో తమిళనాడులోని కల్పాక్కంను తాకాయి. విద్యుత్కేంద్రపు పంపుహౌస్‌లోకి సముద్రజలం ప్రవేశించగా, నడుస్తున్న రెండవ రియాక్టరును సిబ్బంది క్షేమంగా నిలిపివేశారు. రియాక్టరు నుండి వేడిని తొలగించే ఏర్పాట్లు చెక్కుచెదరలేదు. పక్కనే నిర్మాణంలో ఉన్న ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు పునాది గొయ్యి మాత్రం నీట మునిగింది.

ఈ అనుభవాన్ని పురస్కరించుకొని 2005లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కల్పాక్కంలోనే నిపుణుల గోష్ఠిని ఏర్పాటు చేసింది. అణు కేంద్రాలకు వెలుపలినుండి వచ్చే ముంపు ముప్పు అందులో చర్చనీయాంశం. కాని ఆరేళ్లు గడవకముందే, 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో సునామీ అత్యవసర జనరేటర్లను ముంచివేయగా మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. కల్పాక్కంలో తప్పినది అక్కడ తప్పలేదు. తదుపరి మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి అన్ని కేంద్రాలను సమీక్షించింది. వెలుపలినుండి నీరు అందించే మార్గాలు, హైడ్రోజన్‌ను తగ్గించే పరికరాలు సమకూర్చే పని ఆరంభమైంది. భారజల రియాక్టర్లలో తీవ్ర ప్రమాదాలను గణించే కంప్యూటర్ పద్ధతులను కెనడా, కొరియా, రుమేనియా, చైనాలతో కలిసి మన శాస్త్రజ్ఞులు సరిపోల్చారు.

2007లో హైదరాబాదులో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. అయితే హెచ్చరిక అందేది అల పుట్టిన తరువాతనే. కట్టడం ఎత్తును నిర్ణయించవలసింది దశాబ్దాల ముందే. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ వంటి తీరప్రాంతాలకు అణు కేంద్రాలను ప్రతిపాదించిన వేళ ఈ తేడా గమనార్హం. 1881 నాటి రేఖలను, దీవుల నేలపొరలలో దాగిన పూర్వపు సునామీల ఆనవాళ్లను భద్రపరచి, రూపకర్తల చేతికి అందించడం కూడా అణుభద్రతలో భాగమే.