సవరభాష: వర్ణోచ్చారణము, లేఖనము

ఐతరేయబ్రాహ్మణమునందలి శునశ్శేపోపాఖ్యానమున, విశ్వామిత్రుని శాపమునకు లోనైన పుత్రుల సంతతిలో ఆంధ్రులును శబరులును ఒక్కచోటనే పేర్కొనఁబడిరి. ఆ శబరులే నేఁటి సవరలని పలువురు పండితుల తలంపు. అందొకరి భాష శాసనములకును కావ్యములకును ఎక్కినది. రెండవవారి భాష ఇరువదవ శతాబ్ది వఱకును నాలుకమీఁదనే నిలిచినది. సంస్కృతమున శబర, తెలుఁగున సవర, వారి నోట సొర. జాతినామమే యిట్లు మూఁడు తెఱఁగులఁ జెల్లుచుండఁగా, భాషనంతను వ్రాఁతలో నిలుపుట యెంత కష్టమో వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

సవరలు శ్రీకాకుళ, పార్వతీపుర మన్యములందును, ఒడిశాలోని గజపతి, రాయగడ మండలములందును వసించుచున్నారు. వారి భాష ద్రావిడమును గాదు, ఆర్యమును గాదు. సంతాలి, ముండారి భాషలతోఁ గూడిన ముండాశాఖకుఁ జేరినది. సంఖ్యాగణనమునందే దీని ప్రత్యేకత తెలియఁగలదు. పండ్రెండునకు మిగ్గల్, పదుమూఁడునకు మిగ్గల్‌బొయ్, అనఁగాఁ బండ్రెండును ఒకటియు. పదికి మీఁదఁగాక పండ్రెండునకు మీఁదఁ గూర్చి లెక్కించుట వారి వాడుక.

ఈ భాషను శాస్త్రదృష్టితోఁ బరిశీలించినవారిలో అగ్రగణ్యులు గిడుగు వేంకట రామమూర్తిగారు (1863-1940). ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి సవర నేర్చి, ఆ పిల్లలకై తెలుఁగులిపిలో వాచకములు వ్రాసి, సొంత వ్యయముతో బడులు నడపిరి. ఆయన సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు కోశము 1938లోను మద్రాసు ప్రభుత్వముచేఁ బ్రకటింపఁబడినవి. తెలుఁగు వ్రాఁతను గూర్చి ఆయన వాదము నంగీకరింపనివారును ఈ కృషికి శిరసు వంపవలసినదే. బాలల వాచకములకుఁ దెలుఁగక్షరములను గైకొన్న యాయన, శాస్త్రగ్రంథములలో అంతర్జాతీయ ధ్వనిలిపి నాశ్రయించిరి. సవరధ్వనులను జూచినచో నందులకుఁ గారణము గోచరింపఁగలదు.

మొదటిది కంఠస్పర్శము. కంఠబిలము క్షణమాత్రము మూసికొని మఱల తెఱచుకొనుటచేఁ బుట్టు నీ ధ్వనికిఁ బాణినీయశిక్ష చెప్పిన అఱువదిమూఁడు లేక అఱువదినాలుగు వర్ణములలోఁ జోటు లేదు. సవరలో నీటికిఁ జెప్పు మాటలో 'దా'కును 'అ'కును నడుమ నీ ధ్వని యున్నది. దానిని 'దాఅ' యని వ్రాసినచో సంస్కృతము నేర్చినవాఁడు సవర్ణదీర్ఘము చేసి 'దా' యనును. తెలుఁగువాఁడు యడాగమము చేసి 'దాయ' యనును. ఇరువురును దమ శాస్త్రమును దప్పలేదు. సవరవాని మాట మాత్రము చెడినది.

రెండవది పదాంతమున వచ్చు నిరుద్ధస్పర్శము. వాయువు అడ్డగింపఁబడును గాని విడువఁబడదు. ఇది మనవారికిఁ గేవలము క్రొత్తది కాదు. ఋగ్వేద, అథర్వవేద ప్రాతిశాఖ్యములు అభినిధానమను పేర నిట్టి యుచ్చారణమునే వర్ణించినవి. కాని యది సంస్కృతమున సన్నివేశముచేఁ గలుగు వికారమాత్రము. లిపిలో దానికి గుఱుతు లేదు. అజంతభాషయగు తెలుఁగు నలవడినవాఁడు పదాంతహల్లును సహింపక 'మిగ్గల్' అను పదమునే 'మిగ్గలు' చేయును. అట్టివానికి నిరుద్ధస్పర్శము చెవినిఁ బడుటయే దుర్ఘటము. మూఁడవది 'మిగ్గల్' అను మాటలోని రెండవ యచ్చు. అది మన అకారముగాని ఉకారముగాని కాదు; నడిమి యచ్చు. దానికిని మన వర్ణమాలలో నక్షరము లేదు.

1936లో మంగేయి గొమాంగో యను సవర సొరంగ్ సొంపెంగ్ అను లిపిని గల్పించెను. ఇందు ఇరువదినాలుగక్షరములు, ఒక్కొక్కటి యొక్కొక్క సవరదేవతపేర వ్యవహరింపఁబడును. 2012లో నీ లిపికి యూనికోడునందు స్థానము లభించినది. క్రైస్తవ మతబోధకులు రోమనులిపిని బ్రచారమునకుఁ దెచ్చిరి. ఒడిశాలో ఒడియాలిపియుఁ గలదు. ఆంధ్రప్రదేశమునఁ బ్రభుత్వము గిరిజన బాలల మాతృభాషాబోధనకై సవరవాచకములను దెలుఁగులిపిలో వెలువరించినది. ఇట్లు ఒకే భాష నాలుగు లిపులపాలై, మహేంద్రగిరి కీవలనున్న బాలుఁడు వ్రాసిన జాబును ఆవలనున్న మేనమామ చదువలేని స్థితి యేర్పడినది.

లిపి నిర్ణయము సవరలదే. అది పరులు విధింపఁదగినది కాదు. తెలుఁగులిపిని గైకొన్న తావులందైనను ధ్వనిలోపము లేకుండఁ జూచుట మన విధి. కంఠస్పర్శమునకు అవగ్రహచిహ్నమును వాడి 'దాఽఅ' యని వ్రాయవచ్చునని నా యభిప్రాయము. అవగ్రహము అకారలోపమునకు గుఱుతుకదా యని శంకింపవచ్చును. ఆ నియమము సంస్కృతమునకే గాని సవరకుఁ జెల్లదు. సంస్కృత మెఱుఁగని బాలునికిఁ జిక్కు రాదు. నిరుద్ధస్పర్శమునకు హల్లుపైఁ బొల్లు చాలును. నడిమి యచ్చునకు మాత్రము క్రొత్తగుఱుతు కావలయును. ఒత్తక్షరములు సవరకు నిష్ప్రయోజనములు గావున వానిని వాచకములనుండి తొలఁగించినచో బాలుని భారము తగ్గును.

వేదపాఠమున నొక్క స్వరము తప్పినను అర్థము చెడునని మన పెద్దలు శిక్షాశాస్త్రమును గల్పించిరి. నోటఁ బుట్టిన మాటయెడ నా శ్రద్ధ వేదమునకే పరిమితము కానక్కఱలేదు. తల్లి పలికిన మాటయు పుస్తకములోని మాటయు నొక్కటియే యని సవరబాలునికిఁ దోఁచిననాఁడే యా వాచకము సార్థకమగును.